పుట్టిలో ఇద్దరు: కృష్ణానీటిపై దంపతుల పయనము

ఆంగ్లదేశీయులైన ఎరిక్ హిస్కాక్, సుసాన్ హిస్కాక్ దంపతులు 1952లో 30 అడుగుల తెరచాప నావపై బయలుదేరి, భూమండలమును చుట్టి 1955లో స్వదేశము చేరిరి. నావలో ఉన్నవారు ఇద్దరే. అట్టి ప్రయాణములో ఒకరు నిద్రించునపుడు మరియొకరు మేలుకొని దారి చూడవలెను. తీరము వెంబడి సాగునపుడు ఈ కాపలా మరింత ముఖ్యము. నడిసముద్రమున గాలి నావను ఎటు త్రోసినను నీరే యుండును; తీరము దాపున త్రోసినచో రాళ్లుండును. అందుచేత అనుభవజ్ఞులైన నావికులు గట్టును చూచి ధైర్యపడరు, జాగ్రత్తపడుదురు.

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలకు సముద్రము లేదు. అయినను ఇద్దరు మనుష్యులు, ఒక చిన్న నావ, ప్రక్కన రాతిగట్టు అను ఈ కథ ఇచ్చటివారికి క్రొత్తది కాదు. కృష్ణపై చేపలు పట్టి బ్రతుకు కుటుంబములలో ఆలుమగలిద్దరును ఒకే పుట్టిలో నీటిపైకి పోవుట నేటికిని కలదు. సాయంకాలము వలలు దించి, తెల్లవారుజామున తిరిగి వచ్చి తీయుదురు. ఒకరు వల చూచుచుండగా మరియొకరు తెడ్డు వేయుదురు.

పుట్టి మిక్కిలి పాతనావ. 16వ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రపై బుట్టలవలె గుండ్రముగానుండి, పైన తోలు కప్పిన పడవలను చూచి వ్రాసెను. ఆ తుంగభద్రయే అలంపురము దిగువ కృష్ణలో కలియుచున్నది. వెదురుబద్దల అల్లిక నేటికిని ఉన్నది. తోలు మాత్రము పోయి తారు పూసిన గుడ్డయు, ప్లాస్టిక్ పట్టాయు వచ్చినవి.

పుట్టికి ముందు వెనుకలు లేవు. ప్రక్కనుండి తెడ్డు వేసినచో బొంగరమువలె గిరగిర తిరుగును. కావున నడుపువారు పోవలసిన దిక్కున అంచుకడ కూర్చుండి, నీటిని తమవైపునకు లాగుకొనుచుందురు. అడుగు చదునగుటచే మోకాలిలోతు నీటిలోను, బండలమీదుగాను పోగలదు. గట్టు చేరిన పిదప వీపుపై మోసికొని పోవచ్చును. కాని వల లాగువారు ఒక అంచుపై వంగినపుడు రెండవవారు ఎదుటి అంచున బరువుగా కూర్చుండకున్నచో పుట్టి ఒరిగిపోవును. ఇద్దరుండుట తోడుకొరకు మాత్రమే కాదు. ఆ రెండవ శరీరమే పుట్టికి తూకము.

ఈ నావ నదికొరకు పుట్టినది. ఆ నదియే మారినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. దాదాపు 285 చదరపు కిలోమీటర్ల జలాశయము ఏర్పడినది. తరువాత శ్రీశైలము ఆనకట్ట వెనుక అంతకు మించిన విస్తీర్ణమున నీరు సోమశిల, కొల్లాపురము ప్రాంతములవరకు నిలిచినది.

నిలిచిన నీరు శాంతమైనదని చూపరులు తలంతురు. అలల పుట్టుకకు మూడు కారణములు: గాలి వేగము, అది వీచిన కాలము, అడ్డులేక నీటిపై అది పరుగెత్తిన దూరము. ఇరుకైన నదిలో మూడవది స్వల్పము. వెడల్పైన జలాశయములో అది మైళ్లకొలది. అందుచేత ఒకే గాలికి ఏటిలో ముడుతలు మాత్రము పడగా, సాగరములో పుట్టి అంచు దాటు అలలు లేచును. నైరుతి ఋతువున బలమైన గాలులును, జూరాల గేట్లెత్తినపుడు వచ్చు ప్రవాహమును ఒకే కాలమున కూడుకొనును.

తెరచాప నావకు అడుగున నీటిలోనికి దిగిన బరువైన పలక యుండును. అది నావను ప్రక్కకు జారనీయదు. కావుననే ఆ నావ ఎదురుగాలిలో సైతము వంకరటింకరగా సాగి గమ్యము చేరగలదు. పుట్టికి అట్టి పలక లేదు. గాలి త్రోసిన దిక్కునకే కొట్టుకొనిపోవును. చేతిలోని తెడ్డు ఒక్కటే దిక్కు. బలమైన గాలితో పోరాడి గెలుచుట దాని వలన కాదు. గాలి లేచుటకు ముందే గట్టు చేరుట, లేచినచో వల వదలియైనను సమీపపు ఒడ్డున ఆగుట, ఇదియే దాని నావికాశాస్త్రము. వల ఖరీదు తలచి ఆగనివారికే ఆపద ఎక్కువ.

నీటి ప్రమాదము జాలరులకు మాత్రమే కాదు. 2007 జనవరిలో సింగోటము జాతరకు వచ్చువారి పడవ కొల్లాపురము ప్రాంతమున కృష్ణలో మునిగి 60 మందికి పైగా మరణించిరి. రేవున నిలిచిన పడవలో ఇంకొక్కరికి చోటున్నదా అని అడుగునట్టి మనమందరమును దీనిని గుర్తుంచుకొనవలెను.

ఒక పుట్టి మునిగినచో ఒక యింటి సంపాదనాపరులు ఇద్దరును ఒకే క్షణమున పోవచ్చును. గట్టుపై బిడ్డలు మిగులుదురు. ఈత వచ్చినను వలలో కాలు చిక్కినవారికి అది పనికిరాదు. తేలుడు కవచము ఇద్దరికిని ఉండవలెను, అదియు తొడుగుకొనియే ఉండవలెను. భార్యయు తెడ్డు వేయునది గనుక, సహాయము పంచునపుడు ఆమెను సైతము జాలరిగా లెక్కింపవలెను. ఇక రేడియో గల గృహస్థులు చేయదగినది ఒకటి కలదు. వాతావరణ సూచనలను, వరద హెచ్చరికలను వినినపుడు, రేవు గ్రామమున నున్న బంధువులకును, పరిచితులకును ఆ కబురు వెంటనే అందింపవలెను. పుట్టి నీటిలోనికి దిగకముందు చేరిన మాటయే వారికి ఉపయోగపడును.