వార్తల్లో పదం: ఆన్‌లైన్ సోషల్ గేమ్

నలుగురు స్నేహితులు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని ఫోన్లలో ఒకే ఆట ఆడతారు. పందెం ఉండదు, మిగిలేవి నవ్వులే. ఇలాంటి ఆటకు చట్టం పెట్టిన పేరు ‘ఆన్‌లైన్ సోషల్ గేమ్’.

ఎక్కడిది?: 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సోషల్ గేమ్స్‌ను ప్రోత్సహిస్తుంది, మనీ గేమ్స్‌ను నిషేధిస్తుంది. సోషల్ గేమ్‌కు చందా లేదా ప్రవేశ రుసుము తీసుకోవచ్చు. అది పందెం సొమ్ము మాత్రం కాకూడదు.

ఉదాహరణ: 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’. అంతరిక్ష నౌక సిబ్బందిలో కలిసిపోయిన మోసగాడిని మిగతావాళ్లు చర్చించి, ఓటేసి బయటికి పంపాలి. 2020 లాక్‌డౌన్‌లో ఇది ప్రపంచమంతా పాకింది. మన పచ్చీసు వారసత్వంతో 2016లో వచ్చిన ‘లూడో కింగ్’ కూడా అప్పుడే ఇంటింటికీ చేరింది.

మనకెందుకు?: తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 జులైలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసులో ఈడీ పలువురు తెలుగు నటులకు సమన్లిచ్చింది. దాంతో ఆ వేడి ఫిల్మ్‌నగర్‌నూ తాకింది. కొత్త చట్టం ప్రకారం మనీ గేమ్స్‌కు ప్రకటనలిస్తే రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

పిల్లల చేతిలో ఫోన్ చూడగానే కోప్పడకండి. ఆటలో డబ్బు పందెం ఉందా అని ముందు అడగండి. లేకపోతే మీరూ ఒక చెయ్యి వేయండి.