అరవై మార్కులు: విశాఖలో ఒక లెక్క, దోహాలో ఒక లెక్క

వందకు అరవై మార్కులు తెచ్చుకున్న బి.యస్.సి. విద్యార్థి విశాఖపట్టణంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడు. ఇరుగుపొరుగులకు మిఠాయి పంచదగిన సందర్భమది. అవే అరవై మార్కులు దోహాలోని కతార్ విశ్వవిద్యాలయంలో వస్తే లభించేది ‘డి’ అనే అక్షరం. ఉత్తీర్ణతకు అది అట్టడుగు మెట్టు. అరవైకి ఏమాత్రం తగ్గినా ‘ఎఫ్’, అనగా తప్పినట్లే. బ్రిటిషు విశ్వవిద్యాలయాలలో అదే అరవై ద్వితీయ శ్రేణి పై భాగానికి ప్రవేశద్వారం. అక్కడ ప్రథమ శ్రేణి డెబ్బైతో మొదలవుతుంది. అంకె మారలేదు, దానిని తూచిన త్రాసు మారినది.

గల్ఫులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కేవలం వినోదం కలిగించే విషయం కాదు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో రసాయనశాస్త్రం చదివి, రస్ లఫాన్‌లోనో, మిసయీద్‌లోనో విశ్లేషణశాలలలో పనిచేసే తండ్రి ఉంటాడు. ఆయన ఇంటర్మీడియటు నాటి ఉత్తీర్ణత 35 మార్కులు. దోహాలోని భారతీయ పాఠశాలలో సి.బి.యస్.ఇ. చదివే ఆయన కుమార్తెకు అది 33. రేపు ఆమె కతార్ విశ్వవిద్యాలయంలో చేరితే 60. “అరవై దాటితే చాలమ్మా, ఫస్టు క్లాసే” అని ఆ తండ్రి ప్రేమతో చెప్పిన మాటను ఆమె నమ్ముకుంటే, మొదటి సంవత్సరంలోనే చిక్కులో పడుతుంది.

ఆ చిక్కు ఎటువంటిదో కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది. 1973లో ఉపాధ్యాయ విద్యా కళాశాలగా ప్రారంభమై 1977లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థ ఉత్తర అమెరికా పద్ధతిని అనుసరిస్తున్నది. 90కి పైన ‘ఏ’, దానికి 4 పాయింట్లు. అక్కడి నుండి అయిదేసి మార్కులకు ఒక మెట్టు, ఒక్కొక్క మెట్టుకు అర పాయింటు తగ్గుదల: 85కు 3.5, 80కి 3, 75కు 2.5, 70కి 2, 65కు 1.5. అరవై వద్ద ఉన్న ‘డి’కి మాత్రం 1 పాయింటే. ఒక్కొక్క పాఠ్యాంశానికి ఉన్న క్రెడిట్లతో ఈ పాయింట్లను గుణించి, కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే వచ్చేది సగటు. పట్టా చేతికి రావాలంటే ఆ సగటు 2కు తగ్గరాదు.

ఇప్పుడు ఒక విద్యార్థిని ఊహించుకుందాము. సమాన క్రెడిట్లు గల అయిదు పాఠ్యాంశాలలో ఆమెకు 64, 66, 62, 68, 63 మార్కులు వచ్చినవి. ఒక్కటి కూడా తప్పలేదు. మార్కుల సగటు 64.6, విశాఖ లెక్కలో నిక్షేపమైన ప్రథమ శ్రేణి. దోహా లెక్కలో పాయింట్లు 1, 1.5, 1, 1.5, 1; సగటు 1.2. అన్ని పరీక్షలూ గట్టెక్కి కూడా ఆమె ‘అకడమిక్ ప్రొబేషన్’ అనే హెచ్చరిక పరిధిలోకి వస్తుంది. నిర్ణీత గడువులో కోలుకొనని వారు విశ్వవిద్యాలయం విడిచిపోవలసి ఉంటుంది. ఒక్క పరీక్షా తప్పని పిల్లను చదువు మానిపించడమేమిటని మన పెద్దలకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఆశ్చర్యానికి కారణం వారు చదువుకున్న నియమావళి నిర్మాణమే వేరు కావడం.

ఆంధ్ర విశ్వవిద్యాలయపు పాత పద్ధతిలో ప్రధానమైనది సగటు కాదు, గడప. ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 35 దాటవలసినదే; ఉస్మానియాలో 40. గణితంలో 92, భౌతికశాస్త్రంలో 88, రసాయనశాస్త్రంలో 34 వచ్చినవాని సగటు 71కి పైనే. అయినా ఒక్క మార్కు తక్కువైనందున అతడు రసాయనశాస్త్రం మళ్ళీ వ్రాయవలసినదే. కాని అతని మీద మరే దండనా లేదు. ఆ ఒక్క పేపరును వెంట కట్టుకొని పై తరగతికి నడవవచ్చును. పూర్వం దీనినే సెప్టెంబరుకు ఉండిపోవడం అనేవారు; ఇప్పటి పిల్లలు బ్యాక్‌లాగు అంటున్నారు. గడప ఎంత తక్కువైతేనేమి, దానిని దాటించడానికి ఆ వ్యవస్థ ఎన్నిమార్లయినా వేచి ఉండేది. అమెరికా పద్ధతిలో ఒక పాఠ్యాంశంలోని లోపాన్ని మరొకదానిలోని ప్రతిభ పూరించగలదు. మొత్తం మీద మందకొడితనాన్ని మాత్రం అది ఎక్కువకాలం సహించదు. ఈ రెండింటిలో ఏది కఠినమైనదన్న ప్రశ్నకు అర్థం లేదు. అవి పరీక్షించే గుణాలే వేరు.

పరీక్షలు కూడ ఒకే తీరువి కావు. సంవత్సరమంతా చదివినది మూడు గంటలలో కాగితం మీద పెట్టి, ముఖమైనా తెలియని పరీక్షకునికి అప్పగించినప్పుడు వచ్చిన 64 వేరు. క్విజ్‌లు, ఇంటిపని, ప్రయోగశాల నివేదికలు, మధ్యంతర పరీక్ష, తుది పరీక్ష కలిపి, పాఠం చెప్పిన ఆచార్యుడే వేసిన 64 వేరు. హాజరు విషయంలో మాత్రం రెండు దేశాలూ చిత్రంగా ఏకీభవించినవి. మన విశ్వవిద్యాలయాలలో నూటికి 75 హాజరు నియమం. కతార్‌లో నాలుగవ వంతుకు మించి తరగతులు మానినవారిని తుది పరీక్షకు అనుమతించరు.

పాత పద్ధతి ఇప్పుడు మన రాష్ట్రాలలో కూడ లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం సూచించిన క్రెడిట్ల విధానం ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2015-16లోను, తెలంగాణలో 2016-17లోను ప్రవేశించినది. సంఘం సూచించిన కొలబద్ద 4 పాయింట్లది కాదు, 10 పాయింట్లది. అందులో అత్యున్నత శ్రేణికి ‘ఓ’ అనే అక్షరం, 10 పాయింట్లు. కేవలం ఉత్తీర్ణతకు ‘పి’, 4 పాయింట్లు. ఆ ‘ఓ’ను పరదేశపు గుమాస్తా సున్నాగా చదివే ప్రమాదం లేకపోలేదు! క్రెడిట్ల పంపకంలో కూడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. థియరీ పేపరుకు నాలుగు క్రెడిట్లు ఇచ్చి, దాని ప్రయోగశాలకు ఒక్క క్రెడిట్‌తో సరిపెట్టిన ప్రణాళికలు ఉన్నవి. లవణ విశ్లేషణలో తడబడే విద్యార్థి సగటు దీనివల్ల అంతగా చెడదు. రసాయనశాస్త్రజ్ఞునిగా అతని యోగ్యతను ఆ సగటు చెప్పనూ లేదు.

ఇక మార్పిడి సూత్రాల సంగతి. 62 శాతాన్ని 4 పాయింట్లలోకి మార్చడానికి చాలామంది దానిని 25తో భాగిస్తారు, 2.48 వస్తుంది. కతార్ విశ్వవిద్యాలయపు పట్టికలో 62కు ఉన్నది 1 పాయింటు. భారతీయ ప్రథమ శ్రేణిని ఏకంగా ‘ఏ’గా పరిగణించే మూల్యాంకన సంస్థలు అమెరికాలో ఉన్నవి. పదిపాయింట్ల సగటును శాతంగా మార్చడంలోనూ ఇదే గందరగోళం. 7.5 వచ్చినవానికి పదితో గుణిస్తే 75; సి.బి.యస్.ఇ. ఒకప్పుడు పదవ తరగతికి వాడిన 9.5తో గుణిస్తే 71.25, అఖిల భారత సాంకేతిక విద్యామండలి సూచించినట్లు 0.75 తీసివేసి పదితో గుణిస్తే 67.5.

సెంటీగ్రేడును ఫారన్‌హీటుకు మార్చినప్పుడు ఇటువంటి తగాదా రాదు. మంచు కరిగే బిందువు, నీరు మరిగే బిందువు రెండింటికీ ఉమ్మడి ఆధారాలు. మార్కులకు అటువంటి స్థిర బిందువులు లేవు. ప్రామాణిక ద్రావణంతో సరిచూడని బ్యూరెట్ పాఠాన్ని ఏ ప్రయోగశాలా అంగీకరించదు. కాని అటువంటి అంకె మీద ఆధారపడి ప్రవేశాలు, ఉద్యోగాలు, జీతపు శ్రేణులు నిర్ణయమవుతున్నవి. అందువల్ల సొంతంగా గుణకార భాగహారాలు చేసి దరఖాస్తు నింపడం కంటె, చదివిన విశ్వవిద్యాలయం ముద్రించిన సూత్రాన్ని జతపరచడమే క్షేమం.

అంకెలే కాదు, మాటలు కూడ దారి తప్పగలవు. 2018లో పొరుగున ఉన్న ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో భారతీయ ఉపాధ్యాయులు కొందరికి తుల్యతా పత్రం నిరాకరింపబడినది. వారి మార్కుల జాబితాలలో ‘ఇంటర్నల్’, ‘ఎక్స్‌టర్నల్’ అని రెండు గడులు ఉన్నవి. రెండవ మాటను చూచి, వీరు కళాశాలకు వెళ్ళక ప్రైవేటుగా చదివినవారని అక్కడ భావించినారు. అది పరీక్ష ఎవరు నిర్వహించినదీ తెలిపే మాట మాత్రమేనని భారత దౌత్య కార్యాలయం వివరించవలసి వచ్చినది. కతార్‌లో కూడ విదేశీ పట్టాలకు తుల్యత నిర్ణయించేది విద్యా, ఉన్నత విద్యా మంత్రిత్వ శాఖ. ఆ శాఖ కూడ శ్రేణితో పాటు చదువు రెగ్యులరుగా సాగినదా, దూరవిద్యా అన్నది పరిశీలిస్తుంది.

పుణే విశ్వవిద్యాలయం 2021లో దోహాలో శాఖను ప్రారంభించిన తరువాత భారతీయ నియమావళి కూడ ఆ నగరానికే వచ్చి చేరినది. పన్నెండవ తరగతి పూర్తిచేసిన పిల్లలకు ఊరు విడువకుండానే రెండు త్రాసులలో ఒకదానిని ఎంచుకొనే వీలు కలిగినది. రుసుములు, ప్రవేశ తేదీలు అడిగే తల్లిదండ్రులు మరి మూడు ప్రశ్నలు కూడ అడిగి తెలుసుకొనవచ్చును: పేపరుకు కనీస మార్కు ఎంత? సగటుకు కనీస హద్దు ఎంత? ఆ హద్దు దాటనివారికి ఎన్ని సెమిస్టర్ల గడువు?

పాత పట్టాలు ఉన్నవారికి వేరొక పని ఉన్నది. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల పూర్వపు బి.యస్.సి. పట్టాలలో భాషలు మొదటి భాగంగాను, శాస్త్ర విషయాలు రెండవ భాగంగాను, శ్రేణులు విడివిడిగాను ఉండేవి. వాటిని కలిపి ఒకే శాతం అడిగే అధికారికి ఆ విభజన తెలియదు. శ్రేణుల హద్దులు, గ్రేడ్ల పట్టిక పలు మెమోలలో కాగితం వెనుకవైపు ముద్రితమై ఉంటవి. నకలు తీయించేటప్పుడు అత్యధికులు ముందువైపు మాత్రమే తీయిస్తారు.