మరవకూడని మాత్ర!

క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. కాస్త జ్వరం, వాంతులు మామూలే అనుకుంటాం. కానీ ఆ పిల్లాడికి పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథుల లోపం కూడా ఉంటే? ఆ జ్వరమే ప్రాణాల మీదికి తెస్తుంది!

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఈ గ్రంథులు, ఒంటికి కష్టమొచ్చినప్పుడు కార్టిసాల్ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. రక్తపోటు, రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది అదే. 'కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా' ఉన్నవారిలో దాన్ని తయారుచేసే ఎంజైము లోపిస్తుంది. దీని తీవ్ర రూపం 10 నుంచి 20 వేల మంది శిశువుల్లో ఒకరికి కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ముప్పు ఎక్కువ.

1950లో బాల్టిమోర్ వైద్యుడు లాసన్ విల్కిన్స్ కార్టిసోన్‌తో దీన్ని అదుపు చేయొచ్చని చూపారు. అప్పట్నుంచీ ఆ తరహా మందులే రక్ష. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. మాత్ర వాంతిలో పోతుంటే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తప్పదు. ఆపరేషన్‌ అయినా అంతే.

పెద్ద జబ్బు ముందు పాత జబ్బును మరచిపోవడం తేలిక. అందుకే క్యాన్సర్ వార్డులో అమ్మానాన్నలు మొట్టమొదట చెప్పాల్సిన మాట... 'మావాడికి అడ్రినల్ సమస్య ఉంది డాక్టర్‌గారూ!'