పాఠాన్ని పేర్చేవారు: పాఠ్యప్రణాళికా నిర్మాణం ఒక వృత్తిగా

డిగ్రీ ముగించబోతున్న విద్యార్థులను “ముందు ఏమి చేయదలచుకొన్నారు?” అని మేము ఏటా అడుగుతుంటాము. బోధన పట్ల మక్కువ కలవారు బి.ఇడి. చదివి డి.ఎస్.సి. వ్రాస్తామంటారు. మంచి మాటే. అయితే, ఆ ఉపాధ్యాయుని చేతికి పుస్తకమెవరిచ్చారు, అందులో మొదటి పాఠం మొదటిదే ఎందుకైనది, మూడవ తరగతిలో ఉండవలసిన భాగాహారాన్ని రెండవ తరగతికి తేరాదని నిర్ణయించినవారెవరు అని అడిగితే మాత్రం గదిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. పుస్తకం ప్రభుత్వం నుండి వస్తుందని ఒకరు, ప్రెస్సు నుండి వస్తుందని మరొకరు అన్నారు. రెండూ అబద్ధం కాదు. కాని ప్రభుత్వానికీ ప్రెస్సుకూ నడుమ కొందరు మనుషులు కూర్చొని పని చేస్తారు. ఆ పనిని గురించే ఈ వ్యాసం.

ఇది కొత్త విద్య కాదు. తిరుమల కొండపై ధర్మగిరి వేద పాఠశాలలో బాలుడు ముందుగా సంహితను గురుముఖంగా విని వల్లిస్తాడు. పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం ఆ తరువాతవి. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఏ గురువు ఇష్టానికీ వదిలినది కాదు. అది తరతరాలుగా స్థిరపడిన వరుస. మన మదరసాలలో శతాబ్దాలుగా నడచిన ‘దర్స్-ఎ-నిజామీ’ సంగతి ఇంకా ఆసక్తికరం. అది రూపొందించిన వ్యక్తి పేరుతోనే ప్రసిద్ధమైన పాఠ్యక్రమం. పద్దెనిమిదవ శతాబ్దంలో లక్నో నగరపు ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ అనే విద్వాంసుడు వ్యాకరణం, తర్కం, ధర్మశాస్త్రం మొదలైన వాటిలో ఏ గ్రంథం తరువాత ఏ గ్రంథం చదవాలో ఒక వరుస ఏర్పరచాడు. ఆయన 1748లో గతించాడు, వరుస నిలిచింది. 1866లో స్థాపితమైన దేవ్‌బంద్ విద్యాలయం ఆ వరుసనే స్వీకరించి, అందులో హదీసు చదువుకు పెద్దపీట వేసింది. ఒకరు పేర్చినదాన్ని మరొకరు సవరించడం కూడా ఈ వృత్తిలో భాగమే.

తెలుగునాట 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన ‘బాలశిక్ష’ పెరిగి పెరిగి పెద్దబాలశిక్ష అయినది. దానికన్నా గిడుగు రామమూర్తి పంతులుగారి కృషి మా దృష్టిలో ఈ విషయానికి మరింత దగ్గరిది. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన అందరికీ తెలుసు. అయితే పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లలకు పరాయి భాషలో పాఠం చెప్పడం వ్యర్థమని గ్రహించి, తానే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసిన సంగతిని చాలామంది మరచిపోయారు. పిల్లవానికి ఏ భాష వచ్చునో ముందు తెలుసుకొని, ఆ తరువాత పుస్తకానికి పూనుకోవడం ఆయన పద్ధతి.

ఇక్కడ మూడు మాటలను వేరు చేసి చూపవలసి ఉన్నది. పిల్లవాడు ఎందుకు చదవాలి, చదివి ఏమి కావాలి, ఏ వయస్సులో ఏమి నేర్వగలడు, నేర్చినట్లు ఎలా తెలుస్తుంది అన్న ఆలోచన మొత్తం పాఠ్యప్రణాళిక. అందులో నుండి తేలిన విషయాల పట్టిక సిలబస్. ఆ పట్టికకు రూపమిచ్చే సాధనాలలో పాఠ్యపుస్తకం ఒకటి, ఒకటి మాత్రమే. మనదేశంలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1961లో ఏర్పడిన తరువాత 1975, 1988, 2000, 2005 సంవత్సరాలలో జాతీయ ప్రణాళికా చట్రాలు వెలువడ్డాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం అనంతరం 2023లో పాఠశాల విద్యకు మరొకటి వచ్చినది. వీటిని ఆధారంగా తీసుకొని రాష్ట్రాల మండళ్ళు తమ చట్రాలు తాము నిర్మించుకొంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో అట్టిది తయారైనది. ఈ తేదీలు పరీక్షకు పనికివస్తాయేమో కాని, వృత్తి స్వరూపం వీటిలో కనబడదు. దాన్ని చూడడానికి మన సీమలోనే ఒకచోటికి పోవలసి ఉన్నది.

మదనపల్లెకు సమీపాన ఋషివ్యాలీ ఉన్నది. 2022 వరకు అది చిత్తూరు జిల్లాలోనిది. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాలగా దానికి దేశవ్యాప్తంగా పేరున్నది. అయితే ఆ పాఠశాల ప్రహరీ అవతల, చుట్టుపట్ల పల్లెలలో 1980వ దశకం చివర మొదలైన పని ఈ వ్యాసానికి ముఖ్యం. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి చిన్న బడులతో పని ప్రారంభించారు. అవి ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టుకొనే బడులు. పుస్తకమేమో ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఉపాధ్యాయుడుంటాడని, పిల్లలందరూ ప్రతిదినం వస్తారని, అందరూ ఒకే వేగంతో నడుస్తారని ఊహించి వ్రాసినది. మన పల్లెలో ఆ మూడూ నిజం కావు. వేరుశెనగ పీకే కాలంలో పిల్లవాడు పదిహేను రోజులు బడికి రాడు. వచ్చేసరికి పాఠం నాలుగు మెట్లు పైకి పోయి ఉంటుంది. ఒకటి రెండుసార్లు అట్లా జరిగితే వాడు బడికి రావడమే మానుకొంటాడు. తప్పు పిల్లవానిదని మనమంటాము.

ఋషివ్యాలీ వారు పుస్తకాన్ని విడగొట్టారు. భాషలో, గణితంలో నేర్వవలసిన ప్రతి సామర్థ్యాన్ని చిన్న చిన్న మజిలీలుగా విభజించి, ప్రతి మజిలీకి కొన్ని కార్డులు తయారుచేశారు. కొన్ని కార్డులు పరిచయానికి, కొన్ని అభ్యాసానికి, ఒకటి పరీక్షకు, తప్పినవారికి మళ్ళీ నేర్పడానికి కొన్ని, త్వరగా ముగించినవారికి అదనంగా కొన్ని. కార్డులపై బొమ్మ గుర్తులు, అంకెలు ఉంటాయి. వాటి వరుసంతా ఒక నిచ్చెన పటంగా గోడపై వ్రేలాడుతుంది. బాలిక వచ్చి నిచ్చెనపై తానెక్కడున్నదో చూచుకొని, ఆ గుర్తుగల కార్డు తీసుకొని, తగిన జట్టులో కూర్చుంటుంది. ఒక జట్టుకు ఉపాధ్యాయుని సహాయం పూర్తిగా కావాలి, మరొకదానికి కొంత చాలు, ఇంకొక జట్టులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకొంటారు. పదిహేను రోజుల తరువాత వచ్చిన పిల్లవాడు తాను వదలిన మెట్టు మీదనే మళ్ళీ కాలు పెడతాడు. బడి సామగ్రి అంతా పెట్టెలో ఇమిడిపోవడం వలన ‘పెట్టెలో బడి’ అన్న అర్థమిచ్చే పేరుతో ఇది ప్రసిద్ధమైనది.

ఇది ఇక్కడితో ఆగలేదు. కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ప్రాంతపు ప్రభుత్వ ఉపాధ్యాయులు ఋషివ్యాలీ బడులను చూచిపోయి, 1995లో తమ కన్నడ కార్డులు తాము వ్రాసుకొన్నారు. ‘నలి-కలి’ అట్లా పుట్టినది. తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలలో ప్రవేశించి, 2007 నాటికి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ వ్యాపించినది. కాలక్రమాన అక్కడ ఎన్నో మార్పులు పొందినది. కొన్నిచోట్ల కార్డులు వచ్చాయి కాని వాటి వెనుక ఆలోచన రాలేదని, ఉపాధ్యాయుడు కార్డులు పంచే గుమాస్తా అయినాడని విమర్శ కూడా ఉన్నది. ఆ విమర్శలో పస లేకపోలేదు. పెట్టెను లారీలో పంపవచ్చు. ఉపాధ్యాయుని నమ్మకాన్ని పంపలేము. ప్రణాళికకు నాయకత్వం వహించేవారు సగం కాలం ఉపాధ్యాయుల శిక్షణకే వెచ్చించడానికి కారణమిదే.

ఇప్పుడు మనకు మరీ దగ్గరి విషయానికి వస్తాము. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలున్నారు. వారి చేతిలోని పుస్తకం తరచుగా మరొక భాషలో వ్రాసినదానికి అనువాదం. పై తరగతుల సాంఘిక శాస్త్రంలో దానివలన పెద్ద హాని లేకపోవచ్చు. మొదటి తరగతిలో మాత్రం హాని ఉన్నది. తెలుగు పిల్లవాడు అక్షరం తరువాత గుణింతం, గుణింతం తరువాత ఒత్తులు నేరుస్తాడు. ఉర్దూ లిపిలో గుణింతం లేదు. అక్షరం మాట మొదట ఒక రూపంలో, నడుమ ఒక రూపంలో, చివర మరొక రూపంలో ఉంటుంది. హ్రస్వాచ్చులను సూచించే జబర్, జేర్, పేష్ గుర్తులను పెద్దలు వ్రాయనే వ్రాయరు. ‘స’ ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడు అక్షరాలు. ‘జ’కారపు ఒక ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు. తెలుగు వాచకపు వరుసను అనువదించి ఈ చిక్కును ఎట్లా విప్పుతారు?

లెక్కలలో కూడా ఇంతే. తెలుగులో ఇరవై, ఒకటి తెలిసిన పిల్ల ఇరవై ఒకటి, ముప్పై ఒకటి, నలభై ఒకటి అని తానే అల్లుకొంటుంది. ఉర్దూలో అవి ఇక్కీస్, ఇక్తీస్, ఇక్తాలీస్. ఇరవై తొమ్మిది ‘ఉన్తీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్య పేరునూ విడిగా నేర్వవలసిందే. కనుక సంఖ్యల పాఠానికి ఉర్దూ పిల్లకు ఎక్కువ రోజులు కావాలి. అనువదించిన పుస్తకం ఆ రోజులివ్వదు. సంవత్సరాంతాన ఆ పిల్ల లెక్కలలో మందమతి అన్న పేరు మోస్తుంది. అందుకు తోడు, ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్ల ‘నక్కో’ అంటే, పుస్తకం ‘నహీఁ చాహియే’ అంటుంది. కుప్పం, నగరి ప్రాంతాలలో ఇంట తమిళం పలికి బడిలో తెలుగు చదివే పిల్లల కష్టం కూడా ఇటువంటిదే.

ఈ కష్టాన్ని ఢిల్లీలోని నిపుణుడు ఊహించలేడు. రెండు భాషలూ ఇంటివిగా ఎరిగినవారే చూడగలరు. మన కళాశాల తరగతులలో ఒకే బల్లపై కూర్చొన్న మీరు అట్టివారు. మేము ఈ వృత్తిని మీ ముందుకు తేవడానికి ముఖ్య కారణమదే. ఇందులో మేము కొంత స్వార్థంతోనే మాట్లాడుతున్నాము; మా పిల్లలు, మనుమలు చదవబోయే పుస్తకాలివి.

వృత్తిలో రోజువారీ పని ఎట్లా ఉంటుంది? ప్రణాళికా బృందానికి అధిపతి అయినవారు వ్రాసేది తక్కువ, వ్రాయించేది ఎక్కువ. రచయితలు, విషయ నిపుణులు, చిత్రకారుడు, భాషా పరిష్కర్త, అనువాదకుడు, వీరందరినీ ఒక తాటిపై నడపాలి. ప్రతి శాస్త్రజ్ఞుడూ తన శాస్త్రానికి మరి రెండు పాఠాలు కావాలంటాడు; కాదనడం అధిపతి విధి. 1993లో యశ్‌పాల్ సంఘం బడిసంచి బరువును గురించి చెప్పినది ప్రధానంగా ఇదే: పిల్లవాడు మోసే కాగితాల బరువుకన్నా, అర్థం కాకుండా మోసే విషయాల బరువు ఎక్కువ. ముసాయిదా సిద్ధమైన పిదప కొన్ని బడులలో ప్రయోగించి, వెనుక బల్లపై కూర్చొని, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. తాను ముచ్చటపడి వ్రాసిన పాఠం తరగతిలో బోర్లాపడడం చూచి, దాన్ని తానే కొట్టివేయగల మనసుండాలి. ఈ చివరి గుణం లేనివారు ఈ పనికి రావద్దని మా సలహా.

పాఠశాలలే కాదు, సంస్థలకు కూడా ఈ పని అవసరమే. తిరుమలలో 2000 సంవత్సరంలో మొదలైన శ్రీవారి సేవకు స్వచ్ఛంద సేవకులు కొద్దిరోజుల కోసం వస్తారు. క్యూలో నిలిచిన వృద్ధునితో ఎట్లా మాట్లాడాలో, అన్నప్రసాదం వద్ద ఏ జాగ్రత్త పాటించాలో వారికి స్వల్పకాలంలో చెప్పాలి. దేవస్థానం ఉద్యోగుల శిక్షణకు తిరుపతిలో ‘శ్వేత’ ఉన్నది. ఆసుపత్రులు, బ్యాంకులు, శ్రీసిటీ కర్మాగారాలు తమ పనివారికి శిక్షణ పాఠాలు తయారుచేయించుకొంటాయి. ఇక్కడ ఆరంభం పుస్తకంతో కాదు, పనిలో జరిగే పొరపాటుతో. 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతి (విశ్లేషణ, రూపకల్పన, నిర్మాణం, అమలు, మూల్యాంకనం) నేటికీ ఈ రంగంలో వాడుకలో ఉన్నది. జీతం సాధారణంగా ఈ వైపు మెరుగు.

ప్రభుత్వం వైపు ఈ పనికి నేరుగా నియామకాలు తక్కువని దాచకుండా చెప్పాలి. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి పుస్తక రచనకు ఎక్కువగా పనిలో ఉన్న ఉపాధ్యాయులనే పిలుస్తుంది. అందుచేత బడి నుండి పోవడమే మంచి దారి: కొన్నేళ్ళు పాఠం చెప్పి, జిల్లా శిక్షణ సంస్థలో (చిత్తూరు జిల్లాకు అది కార్వేటినగరంలో ఉన్నది) జరిగే కార్యశాలలలో వ్రాయడం అలవరచుకొని, ఆపై రాష్ట్రస్థాయికి పోవచ్చు. చదువుకు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ, బెంగళూరులో 2010లో ఏర్పడిన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉర్దూ మాధ్యమంలోనే బి.ఇడి., ఎం.ఇడి. చదువదలచినవారికి హైదరాబాదులో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. విద్యాశాస్త్రంతోపాటు ఒక విషయంలో గట్టి పట్టు తప్పనిసరి. లెక్కలు రానివారు లెక్కల పుస్తకం కూర్చలేరు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో ఒక బీరువా చాలు. అందులో తెలుగు, ఉర్దూ, తమిళ, కన్నడ మొదటి తరగతి వాచకాలను, లభించినంతవరకు పాతవాటిని కూడా, ప్రక్కప్రక్కన ఉంచితే, పోల్చి చూచే అవకాశం మన విద్యార్థులకు కలుగుతుంది. ఖర్చు స్వల్పం.

విద్యార్థులకు ఈ వేసవికి ఒక పని ఇస్తున్నాము. మీ వీధిలో ఆరేడేళ్ళ పిల్ల ఒకరిని ఎన్నుకోండి. ఇరవై ఒకటి నుండి ముప్పై వరకు సంఖ్యలు నేర్పడానికి అట్టముక్కలపై పది కార్డులు వ్రాయండి. తెలుగు తెలిసినవారు తెలుగులో, ఉర్దూ తెలిసినవారు ఉర్దూలో. ఆ పిల్ల ఏ కార్డు దగ్గర ఆగిందో, మీరు అనుకొన్న కార్డు దగ్గరనే ఆగిందో లేదో వ్రాసి ఉంచండి. జూన్‌లో కళాశాల తెరిచినప్పుడు ఆ కార్డులను మాకు తెచ్చి చూపండి; చిరిగినవి, కొట్టివేసినవి కూడా.