ట్రాన్స్‌జెండర్ యువత - హెచ్ఐవీ: ముప్పు ఎక్కడ మొదలవుతుంది?

పార్సిప్పనీ: వారాంతపు విందుల్లో పిల్లల చదువులు, కాలేజీ అడ్మిషన్ల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. "మా అబ్బాయి తాను అమ్మాయినంటున్నాడు" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఆ మౌనానికీ హెచ్ఐవీకీ సంబంధం ఉంది.

ముందుగా కొన్ని అంకెలు. 2019-20లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఏడు నగరాల్లో ట్రాన్స్‌జెండర్ మహిళలను సర్వే చేసింది. మనకు దగ్గరలోని న్యూయార్క్, ఫిలడెల్ఫియా కూడా అందులో ఉన్నాయి. పరీక్షించినవారిలో 42 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్లు తేలింది. నల్లజాతివారిలో ఇది 62 శాతం, తెల్లవారిలో 17 శాతం. వైరస్ ఒక్కటే, తేడా బతుకుల్లో ఉంది. భారతదేశంలో 2017 సర్వే ప్రకారం హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో 3.14 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. వయోజనులందరినీ తీసుకుంటే అది సుమారు 0.2 శాతమే.

ట్రాన్స్‌జెండర్ కావడం జబ్బు కాదు. కండోమ్ లేని సంభోగం, ముఖ్యంగా మలద్వారం ద్వారా జరిగేది, వైరస్ సోకే అవకాశాన్ని పెంచుతుంది. మరి కండోమ్ ఎందుకు వాడరు? పదిహేనేళ్ళకే ఇంట్లోంచి గెంటేస్తే చదువు ఆగుతుంది. సర్టిఫికెట్లలో పేరు ఒకటి, మనిషి మరొకరు కావడంతో ఉద్యోగం దొరకదు, ఇల్లు అద్దెకు ఇవ్వరు. మిగిలేది భిక్షాటన, లేదా పడుపువృత్తి. కండోమ్ వద్దంటే ఎక్కువ డబ్బిస్తానన్న విటుడికి, ఆ పూట తిండి లేని పిల్ల ఎలా కాదనగలదు? దాడి జరిగినా పోలీసుల దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఆసుపత్రిలో నలుగురూ నవ్వుతారని పరీక్షే చేయించుకోదు.

అందుకే మందు ఒక్కటే చాలదు, మర్యాదగా ఇచ్చే చోటు కావాలి. 2021లో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ల కోసం, వారి సిబ్బందితోనే మిత్ర్ క్లినిక్ మొదలైంది. దానికి అండ అమెరికా ప్రభుత్వ సహాయం, అంటే మనం కట్టే పన్నులే. 2025 జనవరిలో ఆ సహాయం ఆగిపోవడంతో క్లినిక్ మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్టుల తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. 2022లో ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు.

హెచ్ఐవీ ఈనాడు మరణశాసనం కాదు. భారత ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2004 నుంచి మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గితే సంభోగం ద్వారా మరొకరికి సోకదు. సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రలూ ఉన్నాయి. సమాచారానికి భారతదేశంలో 1097కు ఫోన్ చేయవచ్చు.

ఇక్కడైనా, ఊళ్ళోనైనా, మీ ఇంటి బిడ్డ ఆ మాట చెప్పిన రోజున కోపం రావచ్చు, కన్నీళ్ళు రావచ్చు. ఆ రాత్రికి అన్నం పెట్టి, ఇంట్లోనే ఉండనివ్వండి. మిగతా మాటలు రేపు మాట్లాడుకోవచ్చు.