చంటిదాని మలంలో నెత్తుటి చార

మా మనవరాలికి రెండో నెల. అమ్మపాలు తప్ప మరేదీ ఎరగదు. అలాంటిది మలంలో జిగురు, సన్నటి నెత్తుటి చారలు! పాప హుషారుగానే ఉంది, బరువూ పెరుగుతోంది. పిల్లల డాక్టరు చూసి, ఆవుపాల ప్రోటీన్ ఎలర్జీ కావచ్చన్నారు. తల్లి తాగిన పాలలోని ప్రోటీన్ కొద్దిగా చనుబాలలోకి చేరుతుంది. కొందరు పసివాళ్ల పేగు దానికి వాస్తుంది.

"తల్లిపాలు మాన్పించకండమ్మా. అమ్మాయి తన భోజనంలో పాలు, పెరుగు మానేస్తే చాలు" అన్నారు. గేదెపాలు, మేకపాలు కూడా పనికిరావు. వాటి ప్రోటీన్లూ దగ్గరివే. పన్నీరు, కోవా, బిస్కెట్లలోని పాలపొడి సరే, బాలింతకు దండిగా వడ్డించే నెయ్యిలోనూ ఆ జాడలుంటాయి. ఆ నెయ్యిగిన్నె పక్కన పెట్టడం నాకు చాలా కష్టమైంది. బదులుగా రాగిజావ, నువ్వులు, డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు.

2 నుంచి 4 వారాల్లో తేడా తెలుస్తుంది. తగ్గాక, డాక్టరు చెప్పినప్పుడు తల్లి మళ్లీ పాలు తాగి చూస్తేనే నిర్ధారణ. ఎక్కువమంది పిల్లలకు ఏడాది నిండేసరికి తగ్గిపోతుంది. ఇరుగుపొరుగు మాట విని పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ మాన్పించడం మాత్రం బాలింతకు అన్యాయం.

ఆకుపచ్చ వాంతి, ఉబ్బిన పొట్ట, జ్వరం, మగత, ఆగి ఆగి గుక్కపట్టే ఏడుపు, ఎర్రటి జిగురు విరేచనం కనిపిస్తే ఆహారం మార్చి చూస్తూ కూర్చోకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.