పగటి డ్రిల్లు, రాత్రి ప్రమాదం

మన ఆసుపత్రి జాతీయ స్థాయి గుర్తింపునకు సిద్ధమవుతున్న సంగతి పాఠకులకు విదితమే. ఆ గుర్తింపునిచ్చే ఎన్.ఎ.బి.హెచ్. భారత నాణ్యతా మండలికి చెందిన బోర్డు. దాని ప్రమాణాలలో భవనాల నిర్వహణ, భద్రతలకు ఒక అధ్యాయాన్నే కేటాయించారు. అగ్నిప్రమాదానికీ, ఇతర అత్యవసర పరిస్థితులకూ రాతపూర్వకమైన ప్రణాళిక ఉండాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు మాక్ డ్రిల్ జరపాలి. ఈ పనికై ఏర్పడిన కమిటీలో సభ్యులమైన మేము, మొదట దీనిని పండుగకు ముందు ఇంటికి సున్నం వేయించడం వంటిదిగానే భావించామని ఒప్పుకోక తప్పదు.

ప్రణాళిక మా వద్ద లేకపోలేదు. బీరువాలో భద్రంగానే ఉంది. అందులోని టెలిఫోన్ నంబర్లలో కొన్ని పదవీ విరమణ చేసినవారివి. వాటిని సవరించి, మొదటి డ్రిల్లును ఉదయం పదకొండు గంటలకు జరిపాము. వైద్యులందరూ విధుల్లో ఉన్నారు. ఫైర్ సిబ్బంది ముందుగానే వచ్చి నిలబడ్డారు. ఫోటోలు చక్కగా వచ్చాయి. సమీక్షా సమావేశంలో ఒక సీనియర్ సిస్టర్ గారు మాత్రం, "రాత్రి డ్యూటీలో వార్డుకు ఇద్దరమే ఉంటామండీ. అప్పుడేం చేయాలో కూడా ఇందులో రాయండి" అన్నారు.

ఆ మాట విన్నాక పాత ప్రమాదాల వివరాలు తిరగవేశాము. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో సుమారు 60 మందిని బలిగొన్న అగ్నిప్రమాదం ఆదివారం ఉదయం ఏడు గంటలైనా కాకముందే సంభవించింది. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలో ఒక ఆసుపత్రి నేలమాళిగలో రగిలిన మంటల పొగ పై అంతస్తులకు పాకి సుమారు 90 మంది మరణించినది తెల్లవారకముందే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది మరణించి, వందలాది మంది ఆసుపత్రుల పాలైనదీ ఆ వేళలోనే.

అందుచేత రెండవ డ్రిల్లును ముందుగా చెప్పకుండా రాత్రి రెండు గంటలకు పెట్టాము. రోగులను కలవరపెట్టరాదు గనుక, మరమ్మతుకై ఖాళీ చేసిన వార్డులో దిండ్లను రోగులుగా పడుకోబెట్టాము. అత్యవసర మెట్ల తలుపుకు తాళం ఉంది. తాళంచెవి గేటు వద్ద సెక్యూరిటీ దగ్గర ఉంది. స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగలేదు. చివరకు దుప్పట్లలో చుట్టి మోయవలసి వచ్చింది. దిండ్లు కాబట్టి సరిపోయింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది ఆక్సిజన్ వాల్వు. మంటలు వచ్చినచోట పైపులలోని ఆక్సిజన్‌ను ఆపివేయాలి. లేకుంటే అదే అగ్నికి ఆజ్యం. కానీ వెంటిలేటరుపై ఉన్న రోగికి సిలిండరు అమర్చకుండా వాల్వు కట్టేస్తే, అగ్ని చేయవలసిన పనిని మనమే చేసినట్లు. ఎవరు కట్టాలి? 'సంబంధిత అధికారి ఆదేశం మేరకు' అని ప్రణాళికలో ఉంది. ఆ అధికారి క్వార్టర్సులో నిద్రలో ఉన్నారు. రెండు సమావేశాల వాదోపవాదాల తరువాత, రాత్రి ఐ.సి.యు. బాధ్యత వహించే నర్సుకే ఆ అధికారం ఇస్తూ ఉత్తర్వు వెలువడింది. ఇది ఆలస్యంగా జరిగిన మంచి పని.

ప్లాంటులో వాయువు లీకైతే పరిస్థితి వేరు. అంబులెన్సుల కంటే ముందు, నడవగలిగినవారు ఆటోలలో వచ్చి క్యాజువాలిటీని నింపివేస్తారు. అసలు ప్రమాదంలో ఉన్నవారు వెనుక వస్తారు. కనుక గుమ్మం వద్దనే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చీటీలతో వర్గీకరణ జరగాలి. రసాయనం తగిలిన దుస్తులు విప్పించి, ఒళ్ళు కడిగిన తరువాతే లోపలికి పంపాలి. లేకుంటే వైద్యులే రోగులవుతారు. ఇందుకై షెడ్డు వద్ద నీటి కుళాయిలు బిగించారు. మహిళలకు తెర ఏర్పాటు ఇంకా కావలసి ఉంది.

హుద్‌హుద్ తుఫాను నాడు, 2014 అక్టోబరు 12న, విశాఖలో విద్యుత్తుతో పాటు టెలిఫోన్లూ మూగబోయాయి. మా సవరించిన నంబర్ల జాబితా అటువంటి రోజున ఎందుకూ కొరగాదు. క్వార్టర్సులకు వెళ్ళి వైద్యులను పిలుచుకువచ్చే మనుషుల పేర్లను ఇప్పుడు డ్యూటీ పట్టికలోనే రాస్తున్నారు. నేలమాళిగలోని జనరేటరును పైకి మార్చే ప్రతిపాదన ఆర్థిక విభాగం వద్ద ఉంది. మెట్ల తలుపుకు మాత్రం తాళం తీసివేసి, లోపలి నుండి తోస్తే తెరుచుకునే గడియ పెట్టారు. తదుపరి డ్రిల్లు కూడా రాత్రిపూటే. తేదీ చెప్పము.